ఉషాచిత్రరేఖల సఖ్యము: భాగవత దశమస్కంధమున విశ్వాసవిచారము

ఆంధ్రవాఙ్మయమున మాయావిద్య లెఱిఁగిన స్త్రీపాత్రలకుఁ గొదవ లేదు. వారిలోఁ బెక్కండ్రు రాక్షసాంగనలు. కోరిన రూపము దాల్చి యితరులను వంచింప వచ్చి, వంచన బయటఁబడఁగనే కూలిపోవువారు. మఱికొందఱు వయసు మీఱిన సిద్ధురాండ్రు. నాయకున కొక మూలికయో మంత్రమో యొసఁగి మఱల కథలోఁ గానరారు. యౌవనము తొలిమెట్టున నున్న కన్యక విద్యాబలము గలదియై, ఆ బలమును దనయీటి చెలికత్తె నమ్మిక కొఱకే వినియోగించిన పాత్ర మిక్కిలి యరుదు. అట్టి పాత్ర యొకటి పోతన భాగవతమున దశమస్కంధోత్తరభాగమునఁ గలదు. బాణాసురుని కూఁతురగు ఉషకుఁ బ్రాణసఖియు, ఆతని మంత్రియగు కుంభాండునకుఁ బుత్రికయు నగు చిత్రరేఖయే యామె. సంస్కృతమూలమున నీమె పేరు చిత్రలేఖ. తెనుఁగువారి వాడుకలోఁ జిత్రరేఖ.

ఈ కథ తెలుఁగునాట బహుళప్రచారము నొందినది. కూచిపూడి భాగవతుల యక్షగానములలో ఉషాపరిణయ మొకటి. 1961 సంవత్సరమున నిదే పేరుతోఁ జలనచిత్రమును వెలువడెను. అయిన నిన్ని రూపములందును బ్రధానరసము శృంగారమనియు, చిత్రరేఖ నాయికానాయకులను గూర్చు నుపకరణమాత్ర మనియుఁ దలఁచుటయే పరిపాటి యయ్యెను. ఘట్టమును మూలముతోఁ బోల్చి, స్కంధమునందలి తక్కిన మాయాకథలతో నెదురెదుర నుంచి చదివినచో వేఱొక యంశము తేటపడును. విద్యకు మంచిచెడ్డలు విద్యయందు లేవు. అది యెవరి నమ్మికపై నిలిచి పనిచేయుచున్నదో దానియందే కలవు. ఉషాచిత్రరేఖల కథ కిదియే జీవము.

కవిస్థలకృతులనుగూర్చి యొకమాట చెప్పుట యుక్తము. పోతన నివాసము ఓరుగల్లా, కడప మండలములోని ఒంటిమిట్టయా యను వివాదము పండితులలోఁ జిరకాలము నడచినది. ఏకశిలానగరశబ్దము రెండిటికిని అన్వయింపఁ జూచుటయే యందులకు మూలము. కవి యింటిపేరు తానై నిలిచియున్న బమ్మెర గ్రామము ఓరుగంటి పక్షమునకు బలమైన యాధారము. 2016 అక్టోబరు మాసమునఁ బూర్వపు వరంగల్లు జిల్లా విభక్తమై జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి మున్నగు జిల్లా లేర్పడినప్పు డీ గ్రామము పాలకుర్తి మండలముతోఁ గూడ జనగామ జిల్లాకు వచ్చెను. ఇఁక భాగవతమంతయు నొక్కని కృతి గాదు. పంచమస్కంధము గంగనయు, షష్ఠము సింగనయు, ఏకాదశ ద్వాదశములు వెలిగందల నారాయణయు రచించిరి. దశమము మాత్రము పోతన పేరనే ప్రసిద్ధి వహించినది.

కథాసంగ్రహ మిది. శోణితపురమును బాలించు బాణుఁడు బలిచక్రవర్తి పుత్రుఁడు, శివునిచే వరములు వడసిన సహస్రబాహుఁడు. ఆతని కుమార్తె ఉష కన్యాంతఃపురమున నుండఁగా నొకరాత్రి కలలో నెన్నఁడు కని విని యెఱుఁగని యొక యువకునిఁ గాంచి, మేల్కాంచి, సఖుల నడుమ నాతనిఁ బిలిచి, పిదప సిగ్గునఁ గుందెను. చిత్రరేఖ యామె మనసు నడిగి తెలిసికొని, మూఁడు లోకములయందలి పురుషుల రూపములు వ్రాసి చూపెను. అందుఁ గృష్ణుని మనుమఁడగు ననిరుద్ధుని ఉష గుర్తించెను. చిత్రరేఖ యోగశక్తి నాకాశమార్గమున ద్వారక కేఁగి, నిద్రించుచున్న యనిరుద్ధునిఁ గొనివచ్చి సఖికిఁ జూపెను. తరువాత రహస్యము బయటఁబడుటయు, బాణుఁ డనిరుద్ధుని నాగపాశబద్ధుఁ జేయుటయు, కృష్ణుఁడు దండెత్తివచ్చి బాణుని బాహువుల ఖండించి, నాలుగు మాత్రము మిగిల్చి విడుచుటయు సుప్రసిద్ధములు.

ఈ కథలో మొదటి ముఖ్యఘట్టము చిత్రరేఖ వేసిన ప్రశ్న. ఉష నిద్రలేచి పలికిన మాట సఖు లందఱకు వినఁబడినది. అంతఃపురములోని కన్యక పరపురుషుని సంబోధించెనన్న వార్త రాజు చెవిఁ బడినచోఁ గలుగు నపాయ మెవ్వరికిఁ దెలియదు? తక్కినవారెవ్వరును మాటాడినట్లు కథ చెప్పదు. చిత్రరేఖ యొక్కతయే దాఁచుకొనక యడుగును: ఎవరిని వెదకుచున్నావు, నీ కింకను బెండ్లి కాలేదు గదా యని. ఈ ప్రశ్నలోఁ గుతూహల మున్నదని మూలమే చెప్పుచున్నది; కాని పరిహాసము లేదు, మందలింపు లేదు. సిగ్గుపడిన చెలికత్తె దాఁపఱికములోఁ జిక్కకుండ నడుగుటయే యామె చేసిన మొదటి యుపకారము. ఉషయు బొంకలేదు, తాను గన్న రూపమును, తనకుఁ గలిగిన వేదనను ఉన్నదున్నట్లు చెప్పెను. విద్యాప్రదర్శనమునకుఁ బూర్వమే యిరువుర నడుమ నొక ఒడంబడిక కుదిరినది. ఒకతె నిజము చెప్పెను. రెండవది దానిని దూషింపక గ్రహించెను.

ఇచ్చట నొక సూక్ష్మము గలదు. స్వప్నజ్ఞానమును తార్కికులు ప్రమాణకోటిలోఁ జేర్పరు. అట్లయినఁ గల నమ్మిన చిత్రరేఖ భోళాతనము చూపినదా? లేదు. ఆమె నమ్మినది ఉష వేదనను. కలలోని పురుషుఁ డున్నాఁడని యామె వెంటనే నిశ్చయింపలేదు. మూఁడు లోకములలో నుండెనేని తెచ్చెదనని మాత్రమే ప్రతిజ్ఞ చేసెను. ఉన్నది లేనిదియుఁ దేల్చుటకే చిత్రపటము పుట్టెను. సఖిని నమ్ముటయు విషయమును బరీక్షించుటయు నొకదాని నొకటి యడ్డగింపవని యీ ఘట్టము చూపుచున్నది.

ఈ భేదము స్పష్టముగఁ దెలియుటకు దూరము పోనక్కఱలేదు. బమ్మెరకుఁ బొరుగుననే పాలకుర్తి యున్నది. ఆ యూరివాఁడుగఁ బ్రసిద్ధుఁడైన సోమనాథుఁడు బసవపురాణమున గొడగూచి యను బాలిక కథఁ జెప్పెను. తండ్రి యూరికేఁగుచు శివునకుఁ బాలు నివేదింపుమని కూఁతున కప్పగించును. దేవుఁడు నిజముగఁ ద్రావునని నమ్మిన యా ముగ్ధ, ఆయన త్రావకుండుటఁ జూచి యేడ్చి, తుదకుఁ ద్రావించును. తండ్రి తిరిగివచ్చి యా మాట నమ్మక నిదర్శన మడుగును. ఆతని యెదుట నిదర్శనము దొరకదు. దండింప వచ్చిన తండ్రికి వెఱచి బాలిక లింగమునఁ గలిసిపోవును. గొడగూచికి సత్య మున్నది. దానిని నమ్మి పక్కన నిలుచు నొక చెలికత్తె లేదు. ఉషకుఁ గల మాత్రమే యున్నది. కాని నమ్మిన చెలికత్తె యుండుటచే నా కల సత్యమగు దారి దొరికెను. సోమనాథుని కథలో నమ్మకమునకు దేవుఁడే దిక్కయ్యెను. పోతన కథలో మానవసఖ్యమే దిక్కయ్యెను. ఒకే మండలమున రెండు గ్రామముల పేళ్లతో వెలసిన యిద్దఱు మహాకవులు బాలికల విశ్వాసము నిట్లు రెండు తెఱఁగులఁ జిత్రించుట గమనింపఁదగినది.

రెండవ ముఖ్యఘట్టము చిత్రలేఖనము. చిత్రరేఖ దేవతలు, గంధర్వులు, సిద్ధులు, చారణులు, పన్నగులు, దైత్యులు, విద్యాధరులు, యక్షులు అను క్రమమున వ్రాసి, పిమ్మట మనుష్యులకు వచ్చి, వారిలోను వృష్ణివంశమునకు వచ్చి, శూరుని, వసుదేవుని, బలరామకృష్ణులను జూపెను. ప్రద్యుమ్నుని రూపము చూచినప్పుడు ఉష సిగ్గుపడెను. అనిరుద్ధుని రూపము చూచినప్పుడు తలవంచి నవ్వుచు వీఁడే యనెను. ప్రద్యుమ్నుఁ డనిరుద్ధుని తండ్రి. పోలికవలనఁ గలిగిన తడఁబాటును, మామయెదుటఁ గోడలు పడవలసిన సిగ్గును నొక్కచోఁ గలిసినవి. పేరెఱుఁగని వానిని మాటలతో వర్ణించుట కన్యకకుఁ గష్టము. వర్ణించినను వినువారికి గుర్తు దొరకదు. పటము మాటల యక్కఱ తీర్చినది. ఉష చూచుచుండెను, చిత్రరేఖ పటమును వ్రాయుచునే ఉష ముఖమును జదువుచుండెను. యోగవిద్య యాకాశమున నడపింపఁగలదు గాని యా యువకుఁ డెవఁడో చెప్పలేకపోయినది. చెప్పినది సఖీముఖమునందలి రెండు చిన్న వికారములు. వానిని బట్టుకొన్నది చెలికత్తె కన్ను.

అలంకారశాస్త్రజ్ఞులు నాయికకుఁ దోడ్పడు సఖిని దూతికావర్గమునఁ జేర్చుదురు. దూతిక నిసృష్టార్థ, మితార్థ, పత్రహారిక యని త్రివిధము. కార్యభార మంతయుఁ దనపై వేసికొని యుభయుల మనసు లెఱిఁగి కూర్చునది మొదటిది. చెప్పినంతమట్టుకే చేయునది రెండవది. కమ్మ మోసికొనిపోవునది మూఁడవది. చిత్రరేఖ యందు మొదటిదానివలెఁ గానవచ్చినను దానియందు సరిగా నిముడదు. ఆమె సందేశము మోయలేదు, నాయకుని మనసు నడుగలేదు, అనునయవాక్యము లాడలేదు. దూతికకు రెండు దిక్కులఁ బనియుండును. చిత్రరేఖ కొకటే దిక్కు. కావున నీమెను దూతికాలక్షణముతోఁ గొలుచుటకంటె సఖీధర్మముతోఁ గొలుచుట సమంజసము. మూలమునను ఈ సందర్భమున నామెకు యోగిని యను పదము పడి, ఆ వెంటనే యామె తెచ్చి చూపినది సఖికి యని వాక్యము ముగియుట యీ యభిప్రాయమునే బలపఱచును.

ఇఁక స్కంధములోపలి పోలిక. దశమస్కంధపూర్వభాగమున పూతన యున్నది. పూతనయు నాకాశగమనము గలది, మాయచే రూపము దాల్పఁ గలది, యౌవనవతివలె నలంకరించుకొని నందగోకులమును జొచ్చినది. తల్లులు చూచుచునే యుండిరి, వారింపలేకపోయిరి. పాన్పుపైఁ గన్నులు మూసికొని పరుండిన బాలు నెత్తికొన్నది. చిత్రరేఖయు నాకాశగమనము గలది, రూపములు కల్పింపఁ గలది, కృష్ణుఁడు కాచు ద్వారకను జొచ్చినది, పాన్పుపై నిద్రించు వానిఁ గొనిపోయినది. పనులు వరుసగఁ జూచిన నించుమించు నొక్కటే. అయిన నొకతె బాలఘాతిని, రెండవది ప్రాణసఖి. ఈ భేద మెచ్చటినుండి వచ్చినది? పూతన కంసుని యాజ్ఞచే వచ్చినది. ఆ యాజ్ఞయందు భయమేగాని విశ్వాసము లేదు. ఆమె చూపిన వాత్సల్యము బొంకు. తల్లులకుఁ బుట్టిన నమ్మకము నామె యాయుధముగఁ జేసికొన్నది. చిత్రరేఖ నెవ్వ రాజ్ఞాపింపలేదు. ఆమె వ్రాసిన రూపములలో బొంకు లేదు. ఉన్న పురుషులను ఉన్నట్లు వ్రాసినది. పూతన తన రూపమును మాఱ్చి యితరులకు నిజము కానరాకుండఁ జేసెను. చిత్రరేఖ తన రూపమును మాఱ్చుకొనక యితరుల రూపములు వ్రాసి నిజము కానవచ్చునట్లు చేసెను. పూతనకుఁ దుదకు భగవంతుఁడు తల్లికిఁ దగిన గతియే యిచ్చెనన్నది వేఱు. అది భగవంతుని దయ, ఆమె విద్యయొక్క గుణము గాదు.

హరివంశముతోఁ బోల్చినచో భాగవతకథనమునందలి విశేష మింకను వెల్లడి యగును. హరివంశమున ఉషకుఁ బార్వతీదేవి వర మున్నది: వైశాఖ శుద్ధ ద్వాదశినాఁటి రాత్రి కలలో వచ్చువాఁడే భర్త యగునని. అచ్చటఁ గల దైవవాక్యము. నమ్మినవారి గొప్పతన మేమియు లేదు. ద్వారకఁ జొచ్చుటకుఁ జిత్రలేఖకు నారదుఁడు తామసీవిద్య నుపదేశించును. అచ్చట సాహసమునకు ముని యనుమతి గలదు. భాగవత మీ రెండు నాధారములను దీసివేసినది. వరము లేదు, ఉపదేశము లేదు. కలను నిలిపినది సఖి నమ్మిక. ఆకాశమున నడపినది సఖి యిచ్చిన మాట. కథ కురుచయైనను భారమంతయు సఖ్యముపైఁ బడుటచే నా సఖ్యమునకు బిగువు వచ్చినది.

ఇంతమాత్రమున నీ సఖ్యము నిర్దోషమని తీర్మానించుట విమర్శకుఁడు చేయఁదగిన పని గాదు. ఇద్దఱి నడుమ నున్న నమ్మకము మూఁడవవానికి న్యాయమగునా? అనిరుద్ధుఁడు నిద్రలో నెత్తుకొనిపోఁబడెను. ఆతని యనుమతి నెవ్వరు నడుగలేదు. పిదప నాతఁడు దినములు గడచుట యెఱుఁగనంతగా ఉషయం దనురక్తుఁడైనను, అనుమతి ముందు గావలసినది గాని వెనుక గాదు. పైఁగా నాతనికిఁ బూర్వమే రుక్మి మనుమరాలగు రోచనతో వివాహమైనట్లు భాగవతమే చెప్పుచున్నది. ద్వారకలో నామె నాలుగు నెలలు భర్తజాడ తెలియక యెట్లుండెనో కథ చెప్పదు. బంధువులు శోకించిరని మాత్ర మున్నది. ఒక కన్యక దుఃఖము తీర్చుటకు నింకొక యంగన దుఃఖము పుట్టినది. దాని నెంచినవారు లేరు.

చిత్రరేఖ చెల్లించిన వెల యింతకంటెఁ గఠినము. ఆమె తండ్రి బాణుని మంత్రి. రాజాంతఃపురమున శత్రువంశపు యువకుని దాఁచుట తండ్రి కొలువునకే ద్రోహము. యుద్ధము సంభవించినప్పుడు కుంభాండుఁడు స్వామిపక్షమునఁ బోరాడి, కూపకర్ణునితోఁ గూడ బలరాముని ముసలపుదెబ్బలకుఁ గూలెను. కూఁతురు చెలికత్తె కిచ్చిన మాట తండ్రి తలపైఁ బడినది. హరివంశకారుఁ డీ కఠినత్వమును సైఁపలేదు కాఁబోలు, కుంభాండుని బ్రతికించి, కృష్ణునిచే నాతనికి శోణితపురరాజ్య మిప్పించెను. భాగవత మట్టి యూఱట నీయదు. అనిరుద్ధుఁడు వధూసహితుఁడై రథ మెక్కి ద్వారకకుఁ బోవును. చిత్రరేఖ యేమయ్యెనో తెలియదు. ఆమెకు శిక్ష లేదు, సత్కారము లేదు. ఉష యామెను దలఁచెనా యన్న ప్రశ్నకును సమాధానము లేదు. పురాణకథ భగవన్మహిమవైపు సాగిపోవుట సహజమే. ఐనను సఖ్యమునకు మొదట నిచ్చిన ప్రాధాన్యమునుబట్టి చూచిన నీ మౌనము లోపమే యనవలెను. ఆ లోపముననే యొక యథార్థము తొంగిచూచుచున్నది: యౌవనారంభమునఁ జేసిన మాటయిచ్చుటలకుఁ బెద్దలలెక్కలు తెలియవు, వెల చెల్లింపు మాత్రము తప్పదు.

ఈ విచారము గ్రంథములకే పరిమితమైనది గాదు. బమ్మెర వెలసిన యీ ప్రాంతముననే శక్తిగల స్త్రీనిగూర్చి జనుల మనసు రెండుగాఁ జీలియున్నది. మేడారమున రెండేండ్ల కొకసారి మాఘపున్నమకు జరుగు జాతరకు లక్షలకొలఁది జనులు వత్తురు. ఆ గ్రామము 2016లో భూపాలపల్లి జిల్లాలోఁ జేరి, 2019లో ములుగు జిల్లా కేర్పడినప్పు డందులోనికి మాఱెను. సమ్మక్క చిలకలగుట్టనుండియు, సారలమ్మ కన్నెపల్లినుండియు, సమ్మక్క భర్తయగు పగిడిద్దరాజు మహబూబాబాదు జిల్లా గంగారము మండలములోని పూనుగొండ్లనుండియు గద్దెలకు వత్తురు. కోయల కథలలో సమ్మక్క యడవిలోఁ బులుల నడుమ దొరికిన శిశువు, రోగములు మాన్పఁ గలిగిన చేయి గలది. అట్టి స్త్రీకి మ్రొక్కు తెలంగాణమే, గుడిసెలో నొంటిగా బ్రతుకు స్త్రీకి నదే శక్తి యున్నదని యనుమానించినచో మంత్రగత్తె యని పేరుపెట్టి వెలివేయును, కొట్టును, ఒక్కొక్కప్పుడు చంపును. బాణామతి, చేతబడి, చిల్లంగి యను మాటలు తెచ్చిన చావులు కల్పితములు గావు. జాతీయ నేరనమోదు సంస్థ ప్రకటించు హత్యల పట్టికలలో మంత్రవిద్యానుమాన మొక ప్రత్యేకకారణముగ నున్నది. వారిలో హెచ్చుగా బలియగువారు దిక్కులేనివారు, ముఖ్యముగ నమ్మి పక్కన నిలుచు తోడులేని స్త్రీలు.

పేరు పెట్టుటకు ముందు పోతన భాగవత మడుగు ప్రశ్న వేఱు. ఈ విద్య యెవరి యాజ్ఞకు లోఁబడి పనిచేసినది? ఎవరి నమ్మికను నిలిపినది, ఎవరి నమ్మికను జంపినది? ఈ ప్రశ్న యడిగినచోఁ బూతన పూతనగను, చిత్రరేఖ చిత్రరేఖగను విడివడుదురు. అడుగనిచో నిద్దఱు నొక్క మాటక్రింద మంత్రగత్తెలే యగుదురు. నిజజీవితమున మాయలే లేనప్పు డీ ప్రశ్న మఱింత యవసరము. అచ్చటఁ బరీక్షింపవలసినది స్త్రీ శక్తిని గాదు, ఆమెపై వేసిన నిందను. చిత్రరేఖ కల విన్నప్పుడు పటము వ్రాసి పరీక్షించినట్లు, నింద విన్నవారును నిదర్శన మడుగవలసియున్నది.

పాఠశాలలలో భాగవతము బోధించు పండితులు గజేంద్రమోక్ష, ప్రహ్లాదచరిత్ర, వామనావతారములను విద్యార్థులకుఁ గంఠస్థము చేయింతురు. ఉషాకథను శృంగారభూయిష్ఠమని దాఁటవేయుట వాడుక. ఆ భయము తీర్చుకొని, ప్రశ్నఘట్టమును జిత్రపటఘట్టమును మాత్రమైనఁ బాఠముగఁ జెప్పినచో రెండు ప్రయోజనములు సిద్ధించును. యౌవనద్వారమున నున్న బాలబాలికలకు, సిగ్గుపడిన చెలికి నవ్వక వినుటయు, విన్నదానిని గ్రుడ్డిగాఁ గాక నెమ్మదిగఁ బరీక్షించుటయు నను చెలిమిలక్షణములు తెలియును. చిత్రరేఖ తండ్రికిఁ గలిగిన గతిఁ జెప్పినచో, నమ్మిక బరువైన వస్తువనియుఁ దెలియును. పోతన యీ కథలో యోగినిని దూషింపలేదు, కీర్తింపలేదు. సఖికడకుఁ బంపి విడిచెను. ఆ సఖ్యమును దూఁచుట పాఠకులకు మిగిలిన పని.